మంటకాడి సదువు

కళాకారుల గుర్తింపు కార్డు కోసమని ఒక ఆఫీసుకు పోయిన. నాలుగు పేజీల ఫారం చేతిల పెట్టిండ్రు. పేరు, తండ్రి పేరు, కులం, వాయిద్యం అన్నీ నింపిన. ఆరో గడిల 'గురువు పేరు, శిక్షణ పొందిన సంస్థ' అని ఉంది. గురువు అన్నకాడ మా తాత పేరు రాసిన. సంస్థ అన్నకాడ 'మా ఇల్లు, మాదిగవాడ, కోహీర్ మండలం' అని రాసిన. టేబులు అవతల కూసున్నాయన ఫారం అంతా చదువుకుంట వచ్చి ఆరో గడికాడ ఆగిండు.

"ఇదేంది సార్, గురువంటె మీ తాత పేరు రాసిండ్రు?"

"ఆయనే నేర్పిండు."

"అట్ల గాదు సార్. డప్పంటె మీ కులవృత్తి గదా. అది పుట్టంగనే వస్తది. గురువంటె పద్ధతిగ నేర్పినాయన. లేకుంటె ఖాళీగ ఇడిసిపెట్టుండ్రి. ఏం కాదు."

ఆయన చెడ్డోడు కాదు. నన్ను కుర్సీల కూసోమన్నడు. చాయ్ తాగించిండు. సార్ అని పిలిచిండు. మా తాతను ఏ ఆఫీసుల ఎవ్వడూ కుర్సీల కూసోమనలేదు కాబట్టి కాలం మారిందని మీరనొచ్చు. మెట్లు దిగేదాక నేను గూడ అట్లనే అనుకున్న. బస్టాండుకు నడుస్తుంటె ఆ మాట చెవిల గిర్రున తిరిగింది. పుట్టంగనే వస్తదట! ఆరేండ్లు మంటకాడ కూసోని, వేళ్ల మీద దెబ్బలు తిని నేర్చుకున్న విద్య, కోడికి ఈకలొచ్చినట్టు, మేకకు కొమ్ములొచ్చినట్టు మాకు వచ్చిందట!

ఆయన ఖాళీగ ఇడిసిపెట్టమన్న గడి కోసమే ఇది రాస్తున్న.

*

సలికాలం వస్తె పేపర్లల్ల, టీవీలల్ల కోహీర్ పేరు కనవడ్తది. తెలంగాణల అందరికంటె తక్కువ డిగ్రీలు పడే జాగల్ల మాది ఒకటి. పట్నమోళ్లకు అది వార్త. మాకు అది డప్పు నేర్చుకునే కాలం. సలికి, మంచుకు తోలు మెత్తవడ్తది. మెత్తవడ్డ తోలు పలకది. అందుకని డప్పు వాయించేటోడు ముందుగాల మంట రాజేస్తడు. కందికట్టె, జొన్నసొప్ప, జామతోటలల్ల ఏరుకొచ్చిన ఎండుకొమ్మలు. కోహీర్ జామకాయ రుచి పట్నందాక తెలుసు, ఎర్రమట్టి మహిమ అంటరు. ఆ తోటలల్ల కాయ తెంపే కూలికి మా అవ్వ పోయేది. కాయలు గంపలల్ల రైలెక్కి పోయేటివి. ఎండుకొమ్మలు మా ఇంటికొచ్చేటివి.

మంటకాడ తాత మొదలు ఇనుడు నేర్పిండు. డప్పును మంటకు ఎంత దూరం పట్టాలె, ఎంతసేపు తిప్పాలె, అరచేత్తోని తడిమితె తోలు ఎట్ల ఉండాలె, గోటితోని మీటితె ఏ సప్పుడు రావాలె. దగ్గర పెడ్తె తోలు పగులుతది. దూరం పెడ్తె గొంతు లేవది. జరమొచ్చిన పిల్లగాని నొసలు తడిమినట్టు తోలు తడుముకుంట, "ఆగు, ఇప్పుడొస్తది దీనికి గొంతు" అనేటోడు. శ్రుతి అనే మాట ఆయన ఎన్నడు ఇనలేదు. శ్రుతి తప్పితె మాత్రం నిద్రల గూడ లేసి కూసునేటోడు.

డప్పు కట్టుడు ఇంకొక సదువు. మేకతోలును సున్నపునీళ్లల్ల నానేసి, బొచ్చు గీకి, కండ తీసి, కట్టె చట్రం మీద గుంజి పరచాలె. చింతగింజలు నూరి ఉడికించిన జిగురు పెట్టాలె. ఎండ ఎక్కువ తగిలితె ఒక దిక్కు గుంజుకపోతది, తక్కువైతె వాసన పడ్తది. ఏ మేక తోలు పనికొస్తది, ముసలిదా పడుచుదా, ఏ కట్టె ఒంగుతది, ఏది ఇరుగుతది, ఇవన్ని తాతకు వేళ్ల కొసలల్ల ఉండేటివి. నేను బడిల రసాయనశాస్త్రం చదివినప్పుడు సున్నం క్షారమని చెప్పిండ్రు. అది తోలు మీద ఏం చేస్తదో నేను అప్పటికే ముక్కుతోని చదివి ఉన్న.

ఆరు నెలలదాక నా చేతికి డప్పు ఇయ్యలేదు. రెండు పుల్లలిచ్చి బండ మీద కొట్టమన్నడు. కుడిచేతిల సిర్ర, ఎడమచేతిల సిటికెన పుల్ల. సిర్ర పొట్టిగ, లావుగ ఉంటది. సిటికెన పుల్ల సన్నగ, పొడుగ్గ ఉంటది. సిర్ర మాట్లాడ్తది, సిటికెన పుల్ల ఊ కొడ్తది అని చెప్పేటోడు. నా సిటికెన పుల్ల ఎప్పుడు జూసినా మాట కంటె ముందుగాలే ఊ కొట్టేది. చెప్పీ చెప్పీ యాష్టకొచ్చి ఒకనాడు నన్ను రెక్కవట్టి తీస్కపోయి పొయ్యికాడ అవ్వ పక్కన కూసోవెట్టిండు. అవ్వ జొన్నరొట్టె చేస్తున్నది. "కండ్లు మూసుకోని ఇను" అన్నడు. అరచెయ్యి దెబ్బ, రొట్టె తిరుగుడు, మళ్ల దెబ్బ. "జొన్నరొట్టె పుంటికూర, జొన్నరొట్టె పుంటికూర" అని తాత నోటితోని అందుకున్నడు. నేను పుల్లలతోని గడప మీద అందుకున్న. తాళం ఆ పొద్దు వచ్చింది. ఆకలి గూడ అయ్యింది.

పంతులు కొలువు కోసం నేను బి.ఇడి. చదివినప్పుడు, తెలిసినదాని నుంచి తెలియనిదానికి పోవాలె, పిల్లగాని అనుభవం నుంచి పాఠం మొదలుపెట్టాలె అని బోధనాపద్ధతుల కింద చెప్పిండ్రు. పరీక్షల రాసి మంచి మార్కులు తెచ్చుకున్న. మా తాతకు ఆ పేపరు రాసే అర్హత లేకుండె. ఆయనకు అక్షరమే రాదు. మరి పద్ధతి అంటె ఏందని నేను ఆ ఆఫీసాయనను అడగాల్సి ఉండె. అడగలేదు. చాయ్ తాగి వచ్చిన.

ఆ తర్వాత దెబ్బలు. పెండ్లి దెబ్బ, సావు దెబ్బ, పోచమ్మ ముందట కొట్టే దెబ్బ, పీర్లు లేసినప్పుడు అలాయి గుండం సుట్టు కొట్టే దెబ్బ, దండోర దెబ్బ. మా దిక్కు తెలుగు, ఉర్దూ, కన్నడం మూడూ ఇనవడ్తయి. డప్పు ఆ మూడింటికీ అర్థమయ్యేది. తాత నన్ను ఇంటెనుక నిలవెట్టి, తను ముందట వాయించి, "ఇదేంది?" అనేటోడు. "పెండ్లి." "పిల్లను తోలుకొచ్చేటప్పుడా, సాగదోలేటప్పుడా?" నేను నోరు తెరిచి నిలబడేటోన్ని. సాగదోలే దెబ్బల ఒక సన్నటి ఆగుడు ఉంటది. తల్లి ఎనుకకు మళ్లి చూసేంత ఆగుడు. అది పట్టుకునేందుకు నాకు రెండు సలికాలాలు పట్టింది. పుట్టంగనే రాలేదు.

*

ఇంతవరకు చదివి తాతా మనుమల కథ బాగుందనుకునేటోళ్లు ఉంటరు. ఆగుండ్రి. మంటకాడి సంగతి ఇంతవరకే చెప్పి ఊకుంటె నేను అబద్ధం చెప్పినట్టు.

నా విద్యకు పరీక్ష ఎక్కడ జరిగేదో చెప్తె మీకు అర్థమైతది. ఊర్ల పెద్దకులపాయన చస్తె కబురొచ్చేది. కబురంటె పిలుపు గాదు. మాదిగవాడ మొగదల నిలబడి ఒక కేక. జరం ఉందా, తిన్నవా, ఇంట్ల ఎవరికన్న బాగలేదా అని అడిగేది లేదు. ఒకసారి తాతకు ఒళ్లు కాలుతుంటె పోయిండు. ఎంబడి నేనున్న. రాత్రంతా వాకిట్ల వాన తుంపర్ల నిలబడి కొట్టిండు. అరుగు మీద జాగ ఉంది, మనుషులు లేరు. ఆ అరుగు మీద కాలు పెట్టొద్దని నాకు ఎవ్వరు చెప్పలేదు. చెప్పకుండనే నాకు ఎరుకే. అదే, పుట్టంగనే వచ్చేదంటె అది. డప్పు కాదు. ఎక్కడ నిలబడొద్దో, ఏ గిలాస ముట్టొద్దో, ఎవనికి ఎదురు రావొద్దో, ఆ సదువు మాకు పాలతోని పట్టిండ్రు.

తెల్లారినంక ఇంత సారా, మిగిలిన కూడు, కల్లంకాడ ఇచ్చే మేరల కలుపుకునే లెక్క ఒక మాట. ఊరికి మా సప్పుడు కావాలె. సప్పుడు చేసిన చెయ్యి దూరంగ ఉండాలె. శవాన్ని సాగనంపేది మేము, శవం కంటె ఎక్కువ మైల గూడ మేమే.

1976ల వెట్టిచాకిరి రద్దు చట్టం వచ్చింది. చట్టమొచ్చిన రెండేండ్లకు గూడ మా ఊర్ల తాత వెట్టి డప్పు కొడ్తనే ఉండె. ఆ ఎండకాలం బాయిలు ఎండినయి. ఊరవతల ఒక్క బాయిల నీళ్లున్నయి. మా ఆడోళ్లు చీకటితోని పోయి చేదుకుంటున్నరని పెద్దమనుషులకు తెలిసింది. కచీరుకాడ కూసోని తీర్మానం చేసిండ్రు: మాదిగవాడోళ్లు ఆ బాయి ముట్టొద్దు, ముడితె జుర్మానా. ఆ మాటను ఊరంతా దండోర వెయ్యాల్సింది ఎవరు? మా తాత. తన కోడలు నీళ్లకు పోవద్దని తన నోటితోని, తన డప్పుతోని తనే సాటాలె.

ఆ పొద్దు తాత మంట రాజేసుకొని చానసేపు కూసున్నడు. డప్పు కాగింది. ఇంకా కాగవెట్టిండు. నేను ఎంబడి పోయిన. మొదటి మూలమలుపుకాడ ఆగి దెబ్బ అందుకున్నడు. నా కాళ్లు సల్లవడ్డయి. అది దండోర దెబ్బ గాదు. సావు దెబ్బ. ఇండ్లల్ల నుంచి జనం బయటికొచ్చిండ్రు. "ఎవరు పోయిండ్రురా, ఎవరు పోయిండ్రు?" అని అడిగిండ్రు. తాత దెబ్బ ఆపి, మొఖం ఏం మార్చకుండ, బాయి మాట సాటిండు. మళ్ల సావు దెబ్బ. ఊరు ఊరంతా అట్లనే తిరిగిండు. పటేలు ముందటికి తీస్కపోయి అడిగిండ్రు. తాత చేతులు కట్టుకొని, "ముసలి చేతులు దొరా, ఎరుక లేక దెబ్బ తప్పింది" అన్నడు.

దెబ్బ తప్పిందట! యాభై ఏండ్లల ఒక్కనాడు తప్పని చెయ్యి.

ఆ ఏడు కల్లంకాడ మాకు మేర ఇయ్యలేదు. అవ్వ జొన్నల కోసం అక్కను పటేలు ఇంట్ల పనికి పెట్టాల్సి వచ్చింది. దాని ధర అది. ఉత్తగ వచ్చిన ధైర్యం కాదని చెప్పటానికే ఇది చెప్తున్న. ఒక్క మాట లేకుండ ఊరు మొఖం మీద ఊరి తప్పును అట్ల కొట్టినాయన కళాకారుడు కాకపోతె, కళ అన్న మాటకు నాకు వేరే అర్థం తెల్వదు. ఆయన నాకు గురువు కాకపోతె ఆ గడి ఎప్పటికీ ఖాళీగనే ఉండనియ్యుండ్రి.

*

మా నాయిన ఈ కథను ఇంకొక తీరుగ చెప్పేటోడు. ఆయన జహీరాబాద్ మార్కెట్ల హమాలి. మూటలు మోసిన నడుముతోని ఇంటికొచ్చి నేను డప్పు పట్టుకున్నది చూసి మండిపోయేటోడు. "తోలు గాదురా అది, మన మెడకు కట్టిన గంట. అది మోగుతున్నన్ని దినాలు మనం ఏడున్నమో ఊరికి ఎరుకనే" అనేటోడు. తాత మంట ఎగదోసుకుంట, "గంట కట్టింది ఊరు. సప్పుడు నాది" అనేటోడు. ఆ కొట్లాట మా ఇంట్ల తెగలేదు. బాయి దండోర తర్వాత నాయిన డప్పును అటక మీద పారేసిండు. తాత మళ్ల దించమనలేదు. నాకు మాత్రం దొంగతనంగ బండ మీద పుల్లలతోని నేర్పుడు ఆపలేదు.

ఈ కొట్లాట మా ఒక్క ఇంటిది గాదు. బాబాసాహెబ్ 1928ల బొంబాయి శాసనమండలిల వంశపారంపర్య ఊడిగాల చట్టాన్ని సవరించాలని బిల్లు పెట్టిండు. మహర్లకు వతన్ పేరుతోని ఇంత భూమి చూపెట్టి తరతరాలు ఊరి చాకిరి చేయించుకుంటున్నరని ఆయన వాదం. మా నాయిన ఆ బిల్లు సంగతి ఎన్నడు ఇనలేదు. కాని ఆయన మాట అదే మాట. ఇటు దిక్కు మన హైదరాబాదుల భాగ్యరెడ్డివర్మ 1906ల జగన్మిత్ర మండలి పెట్టి హరికథ చెప్పించి మనోళ్లకు సదువు, బుద్ధి చెప్పిండు. పాట, వాయిద్యం మనల్ని లేపటానికి పనికొస్తదని ఆయన నమ్మిండు. అది మా తాత మాటకు దగ్గర.

1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిల మాదిగ దండోర పుట్టింది. పేరు చూడుండ్రి. దండోర అంటె మాతోని చేయించిన వెట్టి. వాళ్ల ఆజ్ఞను మా నోటితోని సాటించుకునే పని. ఆ పేరునే జెండ మీద రాసుకున్నం. మా మాటను మేమే సాటుకున్నం. ముప్పై ఏండ్లు ఆ దెబ్బ ఆగకుండ మోగింది. 2024 ఆగస్టు 1న ఎస్సీల వర్గీకరణ చేసుకునే అధికారం రాష్ట్రాలకు ఉన్నదని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 2025 ఏప్రిల్ 14న తెలంగాణల వర్గీకరణ చట్టం అమల్లోకి వచ్చింది. ఆ తీర్పు ముందర నడిచిన ప్రతి ఊరేగింపుల డప్పు ఉంది. నేను గూడ జహీరాబాద్ రోడ్డు మీద వాయించిన. ఎవ్వరు కేక పెట్టి పిలవలేదు. పోవాలనిపించి పోయిన.

దానికి ముందు ఇంకొక రోజుంది. నేను డిగ్రీ చదువుతుంటె తాత చచ్చిపోయిండు. నాయిన అటకెక్కి డప్పు దించిండు. దుమ్ము తుడిచిండు. మాట్లాడకుండ మంట రాజేసి, కాగవెట్టి నా చేతికిచ్చిండు. నేను నలుగుట్ల వాయించుడు అదే మొదలు. ఎంత కాగవెట్టాలెనో హమాలి పనికిపోయిన మా నాయినకు గూడ ఎరుకే అని నాకు ఆ పొద్దు తెలిసింది.

*

ఇప్పుడు ఆ ఆఫీసాయన దగ్గరికి మళ్లొద్దం.

హిందుస్తానీ సంగీతంల ఘరానా అంటరు. మా కోహీర్ల పొరగాడిని అడిగినా చెప్తడు, ఘర్ అంటె ఇల్లు. ఒక ఇంట్ల తాత మనుమనికి, మామ అల్లునికి నేర్పుకుంట వచ్చిన విద్యకే ఘరానా అని పేరు పెట్టిండ్రు. బిస్మిల్లా ఖాన్ షెహనాయి నేర్చుకున్నది మేనమామ దగ్గర. 2001ల ఆయనకు భారతరత్న ఇచ్చిండ్రు. మీ మామ గురువెట్లయితడు, సంస్థ పేరు రాయుమని ఆయనను ఎవరన్న అడుగుతరా? అడగొద్దు గూడ. వాళ్ల ఇంట్ల నేర్చుకుంటె ఘరానా, సంప్రదాయం, పారంపర్యం. మా ఇంట్ల నేర్చుకుంటె కులవృత్తి. వాళ్ల పిల్లగాడు నాలుగేండ్లకు తాళం వేస్తె బాలమేధావి. మా పిల్లగాడు నాలుగేండ్లకు తాళం వేస్తె 'మాదిగోని కొడుకు గదా'. మా సాధనను మా రక్తం కింద రాసి, మా కష్టాన్ని లెక్కల నుంచి కొట్టేసే ఉపాయం ఇది. పుట్టుకతోని వచ్చిందంటె నేర్పినోనికి దండం పెట్టే పనిలేదు, నేర్చుకున్నోనికి పైసలిచ్చే పనిలేదు.

శాస్త్రీయ సంగీతం తోలు ముట్టదా? మృదంగానికి ఆవుతోలు, మేకతోలు, బర్రెతోలు కావాలె. మృదంగాలు కట్టే దళిత క్రైస్తవ కుటుంబాల గురించి టి.ఎం. కృష్ణ 2020ల 'సెబాస్టియన్ అండ్ సన్స్' అని పుస్తకం రాసిండు. ఆయన పెద్ద కర్ణాటక గాయకుడు, వాళ్ల మనిషే. ఆ పుస్తకం ఆవిష్కరణకు చెన్నై కళాక్షేత్ర ముందుగాల హాలు ఇస్తమని, తర్వాత ఇయ్యమన్నది. సభ ఇంకొక దగ్గర జరిగింది. వాయించేటాయన పేరు కచేరి కాగితం మీద ఉంటది. కట్టినాయన పేరు పుస్తకంల రాస్తె గూడ వేదిక మైలవడ్తది.

మాకు బిరుదులు రాలేదా అంటరు. వచ్చినయి. నాగర్‌కర్నూల్ జిల్లా దర్శనం మొగిలయ్యకు 2022ల పద్మశ్రీ ఇచ్చిండ్రు. పన్నెండు మెట్ల కిన్నెర. తండ్రి తాతల నుంచి నేర్చుకున్న విద్య. నారాయణపేట జిల్లా దామరగిద్ద దాసరి కొండప్పకు 2024ల బుర్రవీణకు ఇచ్చిండ్రు. ఆయనదీ ఇంటి సదువే. 2025ల తమిళనాడు పరై వాయించే వేలు ఆసాన్‌కు ఇచ్చిండ్రు. సంతోషం. కాని పద్మశ్రీ మొగిలయ్య 2024 మే నెలల హైదరాబాద్ దగ్గర ఇల్లు కట్టేకాడ కూలి పని చేస్తున్నడని పేపర్లు రాసినయి. మెడల పతకం వేసిన సర్కారు ఆ కిన్నెర నేర్చుకునే పది మంది పిల్లలను ఆయన ముందర కూసోవెట్టి నెలకు ఇంత జీతమని ఇచ్చి ఉంటె ఆయన ఇటుకలు మోసేటోడా? ఆంధ్రప్రదేశ్‌ల డప్పు కళాకారులకు పింఛను ఉంది. 2024 జూలై నుంచి నెలకు 4000 చేసిండ్రు. ఇయ్యాల్సిందే, ఇక్కడ గూడ కావాల్సిందే. అయితె పింఛను ముసలితనానికి ఇచ్చేది. విద్యకు ఇచ్చేది జీతం. ఆ రెండు ఒకటి గాదు.

కళను కాపాడాలె, అంతరించిపోతున్నది అని ఏడ్చే పెద్దమనుషులకు ఒక ప్రశ్న. డప్పు ఎక్కడ అంతరించింది? మీ నాయకుడు వస్తె ముందర ఎగురుకుంట కొట్టేటందుకు దొరుకుతనే ఉంది గదా. ఎర్రటెండల మూడు గంటలు కొట్టించి, దండ మెడలేసుకొని కారెక్కి పోయేటోళ్లు మంత్రులైండ్రు. కొట్టినోళ్లకు ఇన్ని నోట్లు, ఒక సీసా. జహీరాబాద్ అసెంబ్లీ సీటు 2009 నుంచి ఎస్సీలకు రిజర్వు. అయినా డప్పు కొట్టినోడు స్టేజి కిందనే. మీ సభల డప్పు కొట్టేటోనికి కుర్సీ ఎందుకు ఉండదో చెప్పుండ్రి. తర్వాత కళ గురించి మాట్లాడుదం.

*

పోయిన ఏడాది మా ఊర్ల పెద్దింటి ముసలాయన పోయిండు. వాడకు మళ్ల కబురు. ఈసారి కేక లేదు, ఫోను. మా తమ్ముని కొడుకు ఆటో నడుపుతడు, నలుగురు దోస్తులతోని డప్పు గూడ వాయిస్తడు. నా దగ్గర నేర్చుకున్నడే. "వస్తం, మా రేటు ఇది. కూసునేటందుకు కుర్సీలు, అందరితోని బువ్వ" అన్నడట. అవతల నుంచి, "డప్పుకు రేటేందిరా, అది మీ బాధ్యత గదా" అన్నరట. పిల్లలు పోలేదు. జహీరాబాద్ నుంచి బ్యాండుమేళం వచ్చింది. దానికి అడిగినంత ఇచ్చిండ్రు. బాధ్యత గురించి వాళ్లను ఎవ్వరు అడగలేదు. ఆ తర్వాత రెండు నెలలు ఊరోళ్లు మావాని ఆటో ఎక్కలేదు. పక్కపొంటి ఖాళీగ పోతుంటె గూడ చెయ్యి ఎత్తలేదు.

విద్యార్థులు, కార్యకర్తలు ఇది చదువుతున్నరు గనుక చెప్తున్న. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లనే వెట్టి చేయించుడు నేరమని రాసింది. 2015 సవరణ శవాలు, కళేబరాలు మోయించుడు, గోతులు తవ్వించుడు, సాంఘికంగ ఆర్థికంగ బహిష్కరించుడు నేరాల కింద చేర్చింది. కేక వేసి డప్పుకు పిలిచి, రాకపోతె కూలి బందు పెట్టుడు ఈ చట్టం కిందికి వస్తదని మన వాడల్ల పిల్లలకు చెప్పుండ్రి. డప్పు నేర్పే మొదటి దినం దెబ్బతోని పాటు ఈ చట్టం గూడ నేర్పాలె. మా తాత బతికి ఉంటె దీనికి గూడ ఏదో ఒక దెబ్బ కట్టేటోడు.

డప్పు కాలవెట్టుండ్రి అనే మన తమ్ముళ్లకు ఒక మాట. మీ కోపం మా నాయిన కోపమే. వెట్టి డప్పును కాలవెట్టుండ్రి, నేను అగ్గిపుల్ల ఇస్త. కాని తోలు నానేసే సున్నం లెక్క, సాగదోలే దెబ్బల సన్నటి ఆగుడు, పటేలు ముందర సావు దెబ్బను దండోర చేసిన తెలివి, ఇవి ఊరు మనకు ఇచ్చినవి కావు. మనం చేసుకున్నవి. మనమే పారేస్తె రేపు వాళ్లే ఏరుకొని, పేరు మార్చి, ఫీజు పెట్టి మన పిల్లలకే అమ్ముతరు. పిలిస్తె పోవాల్సిన పని ఎవ్వనికీ వద్దు. నేర్చుకునే హక్కు మాత్రం అందరికీ ఉండాలె. పెద్దకులాల పిల్లలు గూడ నేర్చుకోనీ. మాదిగవాడకు వచ్చి, మా మంటకాడ కింద కూసోని, గురువుకు దండం పెట్టి, ఫీజు కట్టి నేర్చుకోనీ.

*

ఇంత రాసిన నేను తక్కువోన్ని గాదు. నా తప్పు గూడ చెప్త.

మా తమ్ముని బిడ్డ ఏడో తరగతి. అన్న వాయిస్తుంటె చూసి నా దగ్గరికొచ్చి, "పెద్దనాయినా, నాకు గూడ నేర్పు" అన్నది. నా నోట్లకెళ్లి టక్కున వచ్చిన మాట, "ఆడపిల్లవు, నీకెందుకే డప్పు." ముప్పై ఏండ్లు సమానత్వమని మైకుల అరిచిన నోరు ఇది. ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసి, "నీకు తాళం వచ్చింది ముత్తవ్వ రొట్టె చేస్తుంటెనే అని నువ్వే చెప్తవు గదా" అన్నది. నాకు జవాబు దొరకలేదు.

మా జహీరాబాద్ దిక్కే మాచనూరుల 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో మొదలైంది. మైకుముందర కూసున్నది దళిత ఆడోళ్లు. నాట్లల్ల, కోతలల్ల వాళ్ల అవ్వలు పాడిన పాటలు వాళ్లే రికార్డు చేసి ఇనిపించిండ్రు. అది ఇని సంబరపడ్డోన్ని నేనే. ఇంటికొచ్చి, మంట రాజేసిన చెయ్యినీ, రొట్టె చేసిన చెయ్యినీ ఎంచకుండ, వాయించిన చెయ్యి ఒక్కదాన్నే గురువన్నది గూడ నేనే. మా అవ్వకు డప్పు ముట్టే హక్కు లేకుండె. ఊరు మమ్ములను అరుగెక్కనియ్యలేదు. మేము అవ్వను మంటకాడికి రానియ్యలేదు. ఆఫీసాయన మా తాతను ఫారంల నుంచి తీసేసినట్టే నేను అవ్వను తీసేసిన.

ఇప్పుడు ఆ పిల్ల పొద్దుగాల బడికి పోయేముందు బండ మీద పుల్లలు పట్టుకుంటది. దాని సిటికెన పుల్ల గూడ ముందుగాలే ఊ కొడ్తున్నది. వాళ్లమ్మ గ్యాసు పొయ్యి మీద చపాతి చేస్తది, దానికి సప్పుడు ఉండది. అందుకని ఆదివారం జొన్నపిండి తెప్పిచ్చిన.

ఫారం నా దగ్గరనే ఉంది. ఆరో గడిల తాత పేరు కొట్టెయ్యలేదు. దాని పక్కపొంటి అవ్వ పేరు గూడ రాసిన. సోమవారం నాడు తీస్కపోయి ఆ టేబులు మీద పెడ్త. కుర్సీల కూసుంట. చాయ్ పోస్తె తాగుత. ఖాళీగ మాత్రం ఇయ్య.